హైబ్రిడ్ గింజ దాచుకుంటే ఏమవుతుంది?

డిప్లొమాలో మెండెల్ సూత్రాలు బట్టీ పట్టి పాసయ్యాను. అవి అర్థమైంది మాత్రం నా టమాటా చేలోనే.

హైబ్రిడ్ టమాటా బాగా కాసిందని, విత్తనం ఖర్చు మిగులుతుందని ఆ పండ్ల గింజలే తీసి మరుసటి ఏడాది అరెకరంలో నాటాను. ఒక మొక్క పొడుగు, ఒకటి పొట్టి. కాయలు కొన్ని గుండ్రం, కొన్ని కోల. మార్కెట్లో సగం ధరే పలికింది.

ఎందుకిలా? మొక్కలో ఒక్కో గుణానికి జన్యువులు జంటగా ఉంటాయి. ఒకటి తల్లిది, ఒకటి తండ్రిది. మెండెల్ పొడుగు బఠాణీని పొట్టిదానితో సంకరం చేస్తే మొదటి తరం అంతా పొడుగే వచ్చింది. పొట్టి గుణం పోలేదు, లోపల దాగుంది. ఆ మొక్కల గింజలు వేస్తే 1064 మొక్కల్లో 787 పొడుగు, 277 పొట్టి. అంటే సుమారు మూడుకి ఒకటి.

మనం కొనే హైబ్రిడ్ ఆ మొదటి తరమే. దాని గింజ వేస్తే దాగిన గుణాలన్నీ విడిపోతాయి. అందుకే నా చేను కలగాపులగం అయింది.

విత్తనం దాచుకోవాలంటే దేశవాళీ లేదా సూటి రకాలే వేయండి. వరి, టమాటా ఎక్కువగా తమ పుప్పొడితోనే గింజ కడతాయి కాబట్టి సులువు. బీర, సొర, మొక్కజొన్న అలా కాదు, పక్క చేను పుప్పొడి వచ్చి కలుస్తుంది. వాటిని దూరంగా వేయాలి. తెగులు లేని మంచి మొక్కలకు ముందే గుర్తు కట్టి, వాటి గింజే తీయండి.

గింజ తీసి ఆరబెట్టే పద్ధతి వీడియోలో చూపించాను, చూడండి.