చర్మ మెలనోమా రోగుల మనుగడను సూచించే అంశాలు
అరికాలి మచ్చను అశ్రద్ధ చేయరాదు

చర్మానికి రంగునిచ్చే కణాలలో పుట్టే క్యాన్సరును మెలనోమా అంటారు. భారతదేశంలో ఇది అరుదైనదే అయినప్పటికీ, త్వరగా ఇతర అవయవాలకు వ్యాపించే స్వభావం కలిగినందున ప్రమాదకరమైనది. వ్యాధిని గుర్తించేనాటికి అది ఎంత లోతుకు దిగినదన్న దానిపైనే రోగి మనుగడ చాలావరకు ఆధారపడి ఉంటుంది.

మందమే ప్రధాన కొలమానం

కణితి మందాన్ని మిల్లీమీటర్లలో కొలిచి రోగి భవిష్యత్తును అంచనా వేయవచ్చునని 1970లో అమెరికా పాథాలజిస్టు అలెగ్జాండర్ బ్రెస్లో తెలియజేశారు. అమెరికన్ జాయింట్ కమిటీ ఆన్ క్యాన్సర్ 2018లో అమలులోకి తెచ్చిన 8వ కూర్పులో 1, 2, 4 మిల్లీమీటర్ల హద్దులతో కణితులను నాలుగు తరగతులుగా విభజించారు. మందం సమానమైనప్పటికీ, పైపొర చిట్లి పుండు పడిన కణితితో ముప్పు అధికం. కణాలు వేగంగా విభజన చెందడం కూడా ప్రతికూల సూచనే.

వ్యాధి వ్యాప్తి

కణితి నుండి క్యాన్సరు కణాలు మొదట చేరగల లింఫ్ గ్రంథిని తీసి పరీక్షించే విధానాన్ని డాక్టర్ డోనాల్డ్ మోర్టన్ బృందం 1992లో ప్రకటించింది. 8వ కూర్పు గణాంకాల ప్రకారం ఐదేళ్ల మనుగడ మొదటి దశలో 98 శాతం, రెండవ దశలో 90 శాతం. గ్రంథులకు లేదా కణితి పరిసర చర్మానికి పాకిన మూడవ దశలో ఇది 77 శాతం కాగా, అందులోని ఉపదశలను బట్టి 93 నుండి 32 శాతం వరకు ఉన్నది. దూర అవయవాలకు వ్యాపించినప్పుడు రక్తంలో ఎల్‌డీహెచ్ ఎంజైము పెరగడం ప్రతికూల సూచన. సాధారణంగా వృద్ధుల కంటే పిన్న వయస్కులలో, పురుషుల కంటే స్త్రీలలో ఫలితాలు మెరుగ్గా ఉంటాయి.

ముదిరిన వ్యాధికి 2011 నుండి చెక్‌పాయింట్ నిరోధక ఇమ్యునోథెరపీ మందులు అందుబాటులోకి వచ్చాయి. నివోలుమాబ్, ఇపిలిముమాబ్‌లను కలిపి ఇచ్చిన రోగులలో పదేళ్ల మనుగడ 43 శాతమని 2024లో వెలువడిన అంతర్జాతీయ అధ్యయనం పేర్కొన్నది.

జాగ్రత్తలు

ముదురు చర్మవర్ణం గలవారిలో ఈ వ్యాధి తరచుగా అరికాళ్లు, అరచేతులు, గోళ్ల కింద కనిపిస్తుంది. ముల్లు గుచ్చుకున్న గాయమనో, దెబ్బ తగిలి రక్తం గడ్డకట్టినదనో భావించి కాలయాపన చేయడం వల్ల కణితి మందం పెరుగుతుంది. కొత్తగా ఏర్పడిన లేదా పెరుగుతున్న నల్లమచ్చ, మానని పుండు, గోరుపై వెడల్పవుతున్న నల్లచార కనిపించినచో వెంటనే చర్మవ్యాధుల వైద్యుని సంప్రదించవలెను. అట్టి మచ్చను బయాప్సీ చేయించకుండా కాల్చివేయడం, మందు పూసి రాల్చడం తగదు. ఆ విధంగా చేసినచో మందం కొలిచే అవకాశమే ఉండదు. చికిత్సను నిర్ణయించవలసిన ప్రధాన ఆధారం నశిస్తుంది.