వైట్‌ఫీల్డ్‌లో పికప్ టైరు కొంటున్నారా? సైజు ఒక్కటే చూడొద్దు

హోస్కోటె, మాలూరు వైపు మన రైతులు చాలామంది పికప్ టైర్లకి వైట్‌ఫీల్డ్, కాడుగోడి అంగళ్ళకే పోతున్నారు. అక్కడ దొరకని టైరు లేదు. కానీ ఆ అంగళ్ళకి కార్ల గిరాకీనే ఎక్కువ. కారువాళ్ళు మార్చేసి పోయిన టైర్లు చూడ్డానికి కొత్తవాటి మాదిరే ఉంటాయి, రేటూ బాగా తక్కువ. సైజు సరిపోతుంది కదా అని బిగించేస్తారు. సైజు సరిపోతే చక్రానికి పడుతుంది, అంతే. బరువు మోస్తుందా లేదా అన్నది వేరే లెక్క.

టైరు పక్కన 215/75 R15 అని ఉంటే అది సైజు. దాని తర్వాత 100S అనో 106/103 అనో ఉంటుంది చూడండి, మనకి కావాల్సింది అదే. 100 అంటే ఒక్క టైరు 800 కేజీలు మోస్తుందని. 104 అయితే 900, 106 అయితే 950, 108 అయితే 1,000 కేజీలు. రెండు నంబర్లుంటే మొదటిది చూసుకోండి, రెండోది వెనక జంట టైర్లున్న బండ్లకి. చివరి అక్షరం స్పీడుది, మన రోడ్లమీద దాంతో పెద్ద పని లేదు. సైజు పక్కన LT అని ఉంటే లోడు బండి టైరు.

ఇప్పుడు మీ ఆర్‌సీలో లేడెన్ వెయిట్ చూడండి. 2,900 కేజీలు అనుకుందాం. నాలుగు టైర్లకి పంచితే 725, అంటే 100 నంబరు చాలనిపిస్తుంది. చాలదు. సరుకు బరువు ఎక్కువగా వెనక యాక్సిల్ మీదే పడుతుంది. వెనక 1,800 పడితే ఒక్కో టైరుకి 900. అంటే 104కి తక్కువ వేయకూడదు, 106 అయితే నిశ్చింత.

గూళ్ళు మార్కెట్‌కి తీసుకుపోయేటప్పుడు ఈ బాధ లేదు. 100 గుడ్లకి 70 కేజీలు వచ్చినా బండికి అదొక బరువా! కష్టమంతా ఆకుతోనూ ఎరువుతోనూ. 100 గుడ్లకి పంట మొత్తంమీద టన్ను దాకా ఆకు కావాలి, అందులో 80 శాతం పైగా నాలుగో జ్వరం లేచాకే. కొమ్మలతో కోస్తే కాడ బరువు వేరే. ఆకు చాలక పక్క ఊర్లో తోట కొని, ఇద్దరు ముగ్గురు కలిసి ఒకే బండిలో వేసుకొచ్చేది కూడా అప్పుడే. దారిలో టైరు పేలితే బండి సంగతి తర్వాత, షెడ్డులో పురుగు ఆకలికి తల ఎత్తి చూస్తుంటుంది. ఎకరా తోటకి ఏడాదికి 8 టన్నుల పశువుల ఎరువు తోలేవాళ్ళకి చెప్పనే అక్కర్లేదు.

గాలి సంగతి ఒకటుంది. ఆ నంబరు కంపెనీ చెప్పిన గాలి ఉంటేనే నిజం. గాలి తక్కువుంటే టైరు పక్కలు నలిగి, వేడెక్కి, ఎండాకాలంలో పేలుతుంది. డ్రైవర్ డోరు దగ్గర స్టిక్కర్ మీద లోడుకి ఎంత గాలో రాసి ఉంటే అదే పట్టించండి, టైరు చల్లగా ఉన్నప్పుడు.

పెద్ద నంబరు టైరు వేశాం కదా అని ఆర్‌సీ దాటి ఎక్కించొద్దు. స్ప్రింగులు, బ్రేకులు పాతవే కదా. పైగా 2019 సవరణ తర్వాత చట్టంలో ఓవర్‌లోడ్‌కి 20,000 రూపాయలు, ఎక్కువైన ప్రతి టన్నుకి ఇంకో 2,000. ఒక్క పంట లాభంలో అదెంతో మీరే లెక్కేసుకోండి.

డబ్బు ఇచ్చే ముందు టైరు మీద నాలుగంకెల తేదీ చూడండి. 2323 అంటే 2023లో 23వ వారం తయారీ. స్టెప్నీకీ ఇదే నంబరు టైరు అడగండి, లోడు మీదున్నప్పుడు బిగించేది దాన్నే.