ఎడమకాలికి సెలవు

అమెరికాలో పాత పికప్‌ల పిచ్చి ఉన్నవాళ్లు ఇప్పటికీ వెతికి మరీ కొనే బండి 1967–72 నాటి షెవర్లే సీ-10. వాటిలో మూడు గేర్ల మాన్యువల్ రకానికి గేరు రాడ్డు స్టీరింగ్ పక్కనే ఉంటుంది, మన పాత అంబాసిడర్‌కి ఉన్నట్టు. మోకాళ్లు అరిగిన యజమాని ఆ బండిని అమ్ముకోలేడు, క్లచ్ తొక్కలేడు. ఇంజిన్ ఉంచేసి గేర్‌బాక్స్ ఒక్కటీ మార్చేద్దామన్న ఆలోచన అక్కడ మొదలవుతుంది.

ఆలోచన అసాధ్యమేం కాదు. జనరల్ మోటార్స్ ఇవే బండ్లను ఆటోమేటిక్‌తోనూ అమ్మింది కాబట్టి సామాను దొరుకుతుంది. 1969 మోడళ్లతో వచ్చిన టర్బో-హైడ్రామాటిక్ 350కి మూడు గేర్లు. 1982లో వచ్చిన 700ఆర్4కి నాలుగు. ఆ నాలుగోది 0.70 ఓవర్‌డ్రైవ్, అంటే అదే వేగానికి ఇంజిన్ చుట్లు నూటికి ముప్ఫై తగ్గుతాయి. ఊళ్లో తిరిగే బండికి 350 చాలు. హైవే ఎక్కేదైతే నా ఓటు 700ఆర్4కే, కాకపోతే దానికి అలకలెక్కువ.

గేర్‌బాక్స్ కొనడం తేలిక. జేబు ఖాళీ చేసేది చిల్లర సామాను. బరువైన ఫ్లైవీల్ పోయి పల్చటి ఫ్లెక్స్‌ప్లేట్ రావాలి. క్లచ్ పెడల్ ఊడదీయాలి. ఆయిల్ చల్లబరచడానికి కూలర్ కావాలి. పొడవు తేడా వస్తే ప్రొపెల్లర్ షాఫ్ట్ కోయించి, బ్యాలెన్స్ చేయించాలి. పార్క్, న్యూట్రల్‌లో తప్ప స్టార్ట్ కానివ్వని స్విచ్ పెట్టకపోతే, తాళం తిప్పగానే బండి ముందున్న గోడను పలకరిస్తుంది.

అసలు ప్రమాదం టార్క్ కన్వర్టర్ దగ్గర. దాన్ని తిప్పుతూ లోపలికి నెట్టాలి. షాఫ్టుల పళ్లు, ఆఖర్న పంపు గాడి ఒక్కొక్కటే కుదురుకుంటూ, ప్రతిసారీ అది ఇంకాస్త దిగుతుంది. పంపు దాకా దిగకుండానే బోల్టులతో లాగి బిగించేస్తే, ఇంజిన్ తిరగకముందే పంపు పగులుతుంది. గేర్‌బాక్స్ ముఖం ఇంజిన్‌కి చేతి బలంతోనే ఆనాలి. అలా ఆనడంలేదంటే స్పానర్ కింద పెట్టేయడం మంచిది.

రెండోది 700ఆర్4కే ప్రత్యేకమైన తంటా: థ్రాటిల్ నుంచి గేర్‌బాక్స్‌కి వెళ్లే టీవీ (థ్రాటిల్ వాల్వ్) కేబుల్. గేరు తగ్గించడానికే ఉందనుకుని చాలామంది దాన్ని తేలిగ్గా తీసుకుంటారు. నిజానికి లోపలి ఆయిల్ ప్రెషర్ దాని చేతిలోనే ఉంటుంది. వదులైతే ప్రెషర్ చాలక క్లచ్ ప్లేట్లు జారతాయి, జారితే మాడతాయి. అప్పుడే బాగుచేయించి తెచ్చిన గేర్‌బాక్స్ అయినా అంతే సంగతులు. పాత కార్బురేటర్‌కి ఈ కేబుల్ సరైన కోణంలో కుదరాలంటే విడిగా బ్రాకెట్ కొనాలి. పిసినారితనం ఎక్కడైనా చూపించండి గానీ అక్కడ వద్దు.

ఇదంతా కార్బురేటర్ కాలపు బండి గనక కుదురుతోంది. ఈ మధ్యకాలపు పికప్‌లో ఇంజిన్, గేర్‌బాక్స్ కంప్యూటర్ల ద్వారా నిత్యం మాట్లాడుకుంటాయి. ఇనుము మార్చినంత మాత్రాన సరిపోదు, వైరింగూ ప్రోగ్రామూ మార్చాలి. అలాంటిదాన్ని అమ్మేసి ఆటోమేటిక్ కొనుక్కోవడమే చవక.