కంప్యూటరులో ఉన్న రికార్డు చదవగలమా?

ఆ మధ్య ఒక సంఘం తనిఖీకి వెళ్లాను. పాత సభ్యుల వాటాధనం జాబితా అడిగితే కార్యదర్శిగారు కంప్యూటరు తెరిచారు. పేర్లకు బదులు అర్థంకాని ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కనిపించాయి. జాబితా పోలేదు, దాన్ని టైపు చేసిన ఫాంటు కొత్త కంప్యూటరులో లేదు. పుస్తకం చూద్దామంటే కొన్ని పుటలకు చెదలు పట్టింది. కొందరి వాటా తేల్చడానికి చాలా రోజులు పట్టింది.

ఇలా ఎందుకు జరుగుతుందో సభ్యులు తెలుసుకోవాలి. కంప్యూటరు అక్షరాలను సంఖ్యలుగా దాచుకుంటుంది. ఏ అక్షరానికి ఏ సంఖ్య అన్నది అందరికీ ఒకటే కావాలి. ఇందుకోసం భారతీయ ప్రమాణాల సంస్థ 1991లో ఇస్కీ ప్రమాణాన్ని ప్రకటించింది. అదే ఏడు వెలువడిన యూనికోడ్‌లో తెలుగుకు 128 స్థానాలు కేటాయించారు. దాని ప్రకారం ‘పాలు’ అనే మాట 3114, 3134, 3122, 3137 అనే నాలుగు సంఖ్యలు.

అయితే ప్రమాణం కాగితం మీదికి వచ్చినంతమాత్రాన పని జరగదు. గుణింతాలను, ఒత్తులను సరిగా కూర్చే ఏర్పాటు కూడా కావాలి. విండోస్‌లో అది గౌతమి ఫాంటుతో 2001లో గాని రాలేదు. ఆ పదేళ్లూ ఫాంటు తయారీదారులు ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు రూపాలు అమర్చి అచ్చుపని నడిపించారు. వారు ఆగి ఉంటే ఆ పని ఆగిపోయేది. కాని ఎవరి అమరిక వారిదే కావడంతో ఒకరి ఫైలు మరొకరికి పనికిరాలేదు.

ప్రమాణం నెమ్మదిగా నడుస్తుంది. పాత పుస్తకాల్లో ‘న్’కు వాడిన నకార పొల్లుకు యూనికోడ్‌లో చోటు 2021లో దొరికింది. కాని 1996 నుంచి ఒకసారి ఇచ్చిన సంఖ్యను మార్చరాదన్న నియమం ఉంది. అందుచేతనే నేటి ఫైలు రేపు కూడా చదవగలం. పైగా యూనికోడ్ సంఖ్యను మాత్రమే నిర్ణయిస్తుంది. అక్షరం అందం ఫాంటు చేసేవారి నేర్పు. వెన్న శాతం పరీక్ష అన్ని కేంద్రాల్లో ఒకే రీతిగా ఉండాలి, మేత విషయంలో ఎవరి అనుభవం వారిది. ఇదీ అంతే.

కనుక సంఘాలవారు జాబితాలు, తీర్మానాలు యూనికోడ్‌లోనే టైపు చేయించండి. పాత ఫాంటు ఉన్న కంప్యూటరు పనిచేస్తుండగానే పాత ఫైళ్లను మార్పించి, పుస్తకంతో ఒక్కొక్క పేరూ సరిచూసుకోండి.