సాగిందంతా తిరిగి రాదు

2023 జులైలో మదనపల్లె టమోటా మార్కెట్ దేశమంతటి వార్తల్లోకి ఎక్కింది. కిలో 100 రూపాయలు దాటిన కాయ నెల తిరిగేసరికి నగరాల్లో చిల్లర దుకాణాల దగ్గర 200 అంచుకు చేరింది. కేంద్రం నేపాల్ నుంచి టమోటా తెప్పించింది. ఢిల్లీ వీధుల్లో వ్యాన్లు పెట్టి కిలో 90కి, తర్వాత 80కి, 70కి అమ్మించింది. ఆంధ్రప్రదేశ్‌లో రైతు బజార్లలో 50కి ఇచ్చారు. సెప్టెంబరు వచ్చేసరికి కథ తిరగబడింది. కోత కూలి కూడా గిట్టని కాయను పత్తికొండ, డోన్ వైపు రైతులు రోడ్ల పక్కన పారబోశారు.

ఆ రెండు నెలల్లో తినే నోళ్లు మారలేదు. యార్డుకు వచ్చే సరుకు పెరిగిన మాట నిజమే కానీ, ధర పడిపోయినన్ని రెట్లు పెరగలేదు. సరుకు కొంచెం అటూ ఇటూ అయితే ధర ఇంతలా ఎందుకు ఊగుతుంది? ఊగిన ధర ఏదో ఒక రోజు మామూలుకు వస్తుంది, సరే. దాంతోపాటు ఊగిపోయిన కుటుంబం కూడా మామూలుకు వస్తుందా? మొదటి ప్రశ్నకు జవాబు అర్థశాస్త్రంలో ఉంది. రెండో దానికి భౌతికశాస్త్రంలో వెతకాలి. ఇంటర్‌లో ఎంపీసీ వాళ్లకు స్థితిస్థాపకత అనీ, సీఈసీ వాళ్లకు డిమాండ్ వ్యాకోచత్వం అనీ వేర్వేరు గదుల్లో చెప్పే రెండు పాఠాలనూ కలిపి చదివితే తప్ప టమోటా రైతు కష్టం పూర్తిగా అర్థం కాదని నా నమ్మకం.

ముందు భౌతికశాస్త్రం సంగతి. రాబర్ట్ హుక్ అనే ఇంగ్లీషు శాస్త్రవేత్త 1676లో అచ్చు వేసిన ఒక పుస్తకంలో తాను కనిపెట్టిన నియమాన్ని నేరుగా చెప్పలేదు. ఆ లాటిన్ వాక్యంలోని అక్షరాలను మాత్రం అక్షరక్రమంలో పేర్చి వదిలేశాడు. ఇంకొకరు ముందుగా తమదని చెప్పుకోకుండా ఆ కాలపు శాస్త్రవేత్తలు చేసుకున్న ఏర్పాటది. 1678లో ఆ చిక్కుముడిని తనే విప్పాడు. రెట్టింపు బలంతో లాగితే స్ప్రింగు రెట్టింపు సాగుతుందన్నదే అందులోని విషయం.

మీటరు పొడవు, ఒక చదరపు మిల్లీమీటరు అడ్డుకోత ఉన్న మెత్తని ఉక్కు తీగ ఒకటి తీసుకుందాం. దూలానికి కట్టి, కింద 10 కిలోల బరువు వేలాడదీస్తే అది సుమారు అర మిల్లీమీటరు సాగుతుంది. బరువు తీసేస్తే మళ్లీ మీటరే. 20 కిలోలకు ఒక మిల్లీమీటరు సాగుతుంది, తీసేస్తే మళ్లీ మీటరే. 30 కిలోలు కట్టామా, లెక్క చెడుతుంది. తీగ గబుక్కున సాగిపోతుంది, బరువు తీసినా పాత పొడవుకు రాదు. లోపల పరమాణువుల వరుసలు ఒకదాని మీద ఒకటి జారి కొత్త చోట కుదురుకున్నాయి కాబట్టి వాటిని వెనక్కి లాగే బలం ఇక లేదు. ఆ గీతనే స్థితిస్థాపక అవధి అంటారు. తీగ తెగలేదు, చూపుకు బాగానే ఉంది, ఇంకా బరువు మోస్తూనే ఉంది. కానీ అది మునుపటి తీగ కాదు.

ఇంజినీర్లు ఈ గీతను ఎంత భక్తిగా పాటిస్తారో చూడాలంటే రాజమహేంద్రవరం వెళ్లాలి. గోదావరి మీద 1900లో మొదలైన హేవలాక్ వంతెన 1997 దాకా రైళ్లను మోసింది. రైలు ఎక్కిన ప్రతిసారీ ఉక్కు దూలాలు కొద్దిగా వంగాయి, దాటగానే యథాస్థితికి వచ్చాయి. దాదాపు వందేళ్లపాటు అలా జరిగిందంటే కారణం ఒక్కటే, ఎంత బరువుకు ఉక్కు మొరాయిస్తుందో లెక్కగట్టి, అంతకు చాలా ఇవతలే బండ్లను నడిపారు.

ఈ భావనను బజారులోకి తెచ్చినవాడు ఆల్‌ఫ్రెడ్ మార్షల్. 1865లో కేంబ్రిడ్జి గణిత పరీక్షలో రెండో స్థానంలో నిలిచినవాడు. మొదటి స్థానం తర్వాతి కాలంలో భౌతికశాస్త్రంలో నోబెల్ అందుకున్న లార్డ్ రేలీది. మార్షల్ కూడా అణువుల భౌతికశాస్త్రమే చదవాలనుకుని, పేదరికం ఎందుకుందన్న ప్రశ్న వెంటబడి అర్థశాస్త్రానికి మళ్లాడు. ఆరోగ్యం బాగాలేక 1881-82 చలికాలం సిసిలీలోని పలెర్మోలో గడిపినప్పుడు, అక్కడి హోటల్ డాబా మీద కూర్చుని ఉండగా డిమాండ్ వ్యాకోచత్వం ఆలోచన తట్టిందని ఆయన భార్య మేరీ పేలీ చెప్పారు. 1890లో వెలువడిన ఆయన గ్రంథంతో అది ప్రపంచమంతటి పాఠ్యపుస్తకాల్లోకి చేరింది.

ఆయన చేసింది చాలా సూటి లెక్క. ధర నూటికి ఇంత మారితే కొనుగోలు నూటికి ఎంత మారుతుంది? రెండో దాన్ని మొదటి దానితో భాగిస్తే వచ్చేదే వ్యాకోచత్వం. ఒకటి కంటే ఎక్కువైతే జనం ధరకు బాగా స్పందిస్తున్నట్టు, తక్కువైతే ధర ఏమైనా వాడకం పెద్దగా మారనట్టు. 2016 సెప్టెంబరులో జియో వచ్చి మొబైల్ డేటా చవకైనప్పుడు వాడకం ఎన్నో రెట్లు పెరిగింది. ఉప్పు అలా కాదు. 1923లో ఆంగ్ల ప్రభుత్వం ఉప్పు పన్నును రెట్టింపు చేసినప్పుడు పేదవాడు ఉప్పు మానేయలేడన్న ధీమాతోనే చేసింది. తప్పించుకోలేని వాడి మీద పన్ను వేయడం ఖజానాకు సులువు. 1930లో గాంధీజీ దండి వైపు నడవడానికి ఉప్పునే ఎంచుకోవడంలోని బలమూ అక్కడే ఉంది.

మార్షల్ భౌతికశాస్త్రం నుంచి నిష్పత్తిని తెచ్చుకున్నాడు, తిరిగి రావడాన్ని అక్కడే వదిలేశాడు. భౌతికశాస్త్రంలో ఉక్కు రబ్బరు కంటే ఎక్కువ స్థితిస్థాపకం అని మాస్టారు చెబితే తరగతి అంతా ఆశ్చర్యపోతుంది. అక్కడ లెక్క ఎంత సాగిందన్నది కాదు, సాగదీతను ఎంత గట్టిగా ఎదిరించి వెనక్కి వస్తుందన్నది. అర్థశాస్త్రం మాత్రం బాగా సాగేదాన్నే వ్యాకోచం అంటుంది. వెనక్కి వచ్చిందా లేదా అని అడగదు. నిష్పత్తిగా అది పదునైన పనిముట్టే. దాన్ని బతుకుల మీద ప్రయోగించినప్పుడే ఆ వదిలేసిన సగం అవసరమవుతుంది.

ఇప్పుడు టమోటా లెక్క. తిండి సరుకు గిరాకీ మొండిదని మార్షల్ కంటే దాదాపు రెండు శతాబ్దాల ముందే గమనించారు. గ్రెగరీ కింగ్ పేరుతో చెలామణీ అయ్యే పట్టికను 1699లో చార్లెస్ డేవనంట్ ప్రచురించాడు. గోధుమ పంట పదో వంతు తగ్గితే ధర పదింట మూడు వంతులు పెరుగుతుంది. పదింట రెండు తగ్గితే ఎనిమిది వంతులు పెరుగుతుంది. సగం పంట పోతే మామూలు ధర మీద నాలుగున్నర రెట్లు అదనం. కొరత ఒక్కో మెట్టు ఎక్కుతుంటే ధర గంతులు వేస్తుంది.

మిగులులోనూ అంతే, దిశే వేరు. ఉదాహరణకు వ్యాకోచత్వం 0.5 అనుకుందాం. యార్డుకు కాయ 20 శాతం ఎక్కువ వస్తే, అదంతా అమ్ముడుపోవాలంటే దుకాణంలో ధర 40 శాతం తగ్గాలి. కిలో 30 ఉన్నది 18 అవుతుంది. కానీ ఆ 30లో రైతుకు చేరేది 15 అనుకోండి. మిగతా 15 లారీ బాడుగ, హమాలీ, కమీషన్, క్రేట్లు, చిల్లర వ్యాపారి మిగులు. డీజిల్ ధర టమోటాను చూసి తగ్గదు, హమాలీ కూలి తగ్గదు. 15 ఖర్చు అలాగే ఉంటే రైతుకు మిగిలేది 3. కొన్నవాడికి 40 శాతం తగ్గింది, పండించినవాడికి 80 శాతం తగ్గింది. పంట 20 శాతం ఎక్కువ పండించినందుకు రాబడి పావు వంతు కంటే దిగువకు పడిపోయింది. ఈ చిన్న లెక్క తెలియక, బజారులో చవగ్గా దొరికింది కదా అని మనం సంతోషపడే రోజే యార్డులో వేలంపాట ముగిశాక రైతు తలపట్టుకుని కూర్చుంటాడు.

అది అక్కడితో ఆగదు. జులై ధర చూసి ఎందరో ఒకేసారి నారు నాటుతారు. కాయ చేతికొచ్చేసరికి రెండు మూడు నెలలు. అప్పటికి అందరి కాయా ఒకేసారి యార్డు చేరుతుంది. ధర పడిపోతే తర్వాతి విడత విస్తీర్ణం తగ్గుతుంది, మళ్లీ కొరత. దీన్ని సాలెగూడు సిద్ధాంతం అంటారు. 1934లో నికొలస్ కాల్డార్ ఆ పేరు పెట్టాడు, 1938లో మోర్డెకాయ్ ఎజెకీల్ విస్తరించాడు. ధరకు తినేవాడి కంటే పండించేవాడు ఎక్కువగా స్పందిస్తే ఊగిసలాట తగ్గకపోగా ప్రతి చుట్టుకూ పెరుగుతుందని ఆ సిద్ధాంతం చెబుతుంది.

ఎప్పటికైనా సర్దుకుంటుందని అనేవారికి నేను గుర్తుచేసేది చాలెంజర్ ప్రమాదాన్ని. 1986 జనవరి 28న ఆ అంతరిక్ష నౌక ఎగిరిన 73 సెకన్లకే విచ్ఛిన్నమై ఏడుగురు చనిపోయారు. రాకెట్ బూస్టరు భాగాల అతుకుల్లో వేడి వాయువు బయటికి పొక్కకుండా రబ్బరు వలయాలుంటాయి. ఒత్తిడికి అతుకు కాస్త తెరుచుకోగానే వలయం వెంటనే ఉబ్బి ఆ సందును మూయాలి. ఆ ఉదయం చలి విపరీతం. విచారణ సంఘం సభ్యుడు రిచర్డ్ ఫైన్‌మన్ ఆ రబ్బరు ముక్కను క్లాంపులో బిగించి, మంచు నీళ్ల గ్లాసులో ముంచి, బయటికి తీసి అందరి ముందూ చూపించాడు. క్లాంపు విప్పినా రబ్బరు కొన్ని సెకన్లపాటు నొక్కుకుపోయే ఉంది. అది చివరికి తిరిగి వచ్చే రబ్బరే. అవసరమైన వేళకు రాలేకపోయింది.

టమోటా ధర డిసెంబరుకు కోలుకోవచ్చు. ఎరువుల దుకాణం బాకీ సెప్టెంబరులోనే కట్టాలి. కౌలు గడువు, పిల్లల ఫీజు, బ్యాంకు వాయిదా వేటికీ సాలెగూడు చుట్లతో పని లేదు. ఆ మధ్య కాలంలో రైతు ఏం చేస్తాడు? మొదట చేబదులు తెస్తాడు. తర్వాత బంగారం తాకట్టు పెడతాడు. ఇంతవరకు తీగ గీతకు ఇవతలే ఉంది. పంట బాగుంటే విడిపించుకోవచ్చు. పాడి ఆవును అమ్మినప్పుడు, డ్రిప్ పైపులు అమ్మినప్పుడు, కొడుకుని చదువు మాన్పించి బెంగళూరు పనికి పంపినప్పుడు గీత దాటినట్టు. మరుసటి ఏడు కిలో 100 పలికినా అమ్ముకోవడానికి అతని చేలో కాయ ఉండదు.

ఉద్యోగాల విషయంలో ఈ మాటను అర్థశాస్త్రవేత్తలే ఒప్పుకున్నారు. యూరప్‌లో మాంద్యం పోయినా నిరుద్యోగం పాత స్థాయికి దిగకపోవడాన్ని వివరిస్తూ 1986లో ఒలివియే బ్లాంషార్, లారెన్స్ సమ్మర్స్ హిస్టెరిసిస్ అనే భావనను వాడారు. అదీ భౌతికశాస్త్రం సొత్తే. 1881 ప్రాంతంలో జేమ్స్ ఈవింగ్ అయస్కాంతీకరణ మీద ప్రయోగాలు చేస్తూ పెట్టిన పేరది. బయటి బలం పోయాక కూడా లోహం గతాన్ని మోస్తూ ఉండటమని దాని అర్థం. ఏళ్లపాటు పని లేనివాడు నైపుణ్యాన్ని, పరిచయాలను పోగొట్టుకుంటాడు. కొత్త ఫ్యాక్టరీ తెరిచినా గేటు దాకా రాలేడు. సాగు వదిలినవాడి సంగతీ ఇదే.

2018-19 కేంద్ర బడ్జెట్‌లో టమోటా, ఉల్లి, ఆలుగడ్డల కోసం 500 కోట్లతో ఆపరేషన్ గ్రీన్స్ ప్రకటించారు. ధర పడిన వేళ రవాణా, నిల్వ ఖర్చులో సగం సబ్సిడీగా ఇవ్వడం అందులో ఒక భాగం. పైన చూసిన లెక్కలో రైతును ముంచింది ఆ 15 రూపాయల ఖర్చే కాబట్టి ఇది సరైన చోట పెట్టిన చెయ్యి. మిగులు కాయను ముక్కలు కోసి ఎండబెట్టడం, గుజ్జు తీయడం మన దగ్గర పెరగాలి. నెలల తరబడి నిలవ ఉండే రూపం వస్తే సెప్టెంబరు కాయకు డిసెంబరులో కూడా కొనేవాడు దొరుకుతాడు.

అయినా ఒక కొలత మిగిలే ఉంది. ప్రయోగశాలలో తీగను రెండుసార్లు కొలుస్తారు, బరువు ఉండగా ఒకసారి, తీసేశాక మరోసారి. టమోటా విషయంలో మన దగ్గర మొదటిదే ఉంది. యార్డు ధరలు రోజూ బోర్డు మీదికి, ఫోన్లలోకి వస్తున్నాయి. 2023 సెప్టెంబరులో కాయ పారబోసిన వాళ్లలో ఎంతమంది మరుసటి ఏడు మళ్లీ నారు పోశారు, ఎంతమంది కౌలు వదిలేశారు, ఎన్ని బోర్ల కింద సాగు ఆగిపోయింది? ఆంధ్రప్రదేశ్‌లో ఈ-పంట నమోదు ద్వారా ఏ సర్వే నంబరులో ఏ పైరు ఉందో సీజను సీజనుకూ రికార్డవుతోంది. కౌలుదారుల పేర్లు అందులో సరిగ్గా ఎక్కేలా చూసి, పత్తికొండ, డోన్, మదనపల్లె మండలాలకు ఈ లెక్క తీసి బయటపెట్టాలి. ధర పడిన ప్రతి సీజను తర్వాతా తీయాలి.