చేసి చూసి నేర్చుకునే చదువు: ప్రాథమికోన్నత తరగతులలో కృత్యాధార బోధన

ప్రత్యేక వ్యాసం

ఆరవ తరగతి నుంచి ఎనిమిదవ తరగతి వరకు గల ప్రాథమికోన్నత దశ పాఠశాల విద్యలో కీలకమైన మలుపు. చదవడం, రాయడం, లెక్కించడం నేర్చిన బాలబాలికలు కొలవడం, పోల్చడం, కారణాన్ని వెదకడం, నిర్ధారించుకోవడం ఈ దశలోనే గట్టిగా అలవరచుకోవలసి ఉంటుంది. బాలల ఉచిత, నిర్బంధ విద్యా హక్కు చట్టం–2009లోని 29వ సెక్షన్, బోధన కృత్యాల ద్వారా, అన్వేషణ ద్వారా, పిల్లలకు అనుకూలమైన రీతిలో జరగాలని నిర్దేశించింది. 2010 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చిన ఈ చట్టంతో కృత్యాధార బోధన ఏ కొద్దిమంది ఉపాధ్యాయుల ఉత్సాహానికో వదిలివేసిన అంశం కాకుండా బాలల హక్కులో భాగమైనది.

అయితే కృత్యం పేరిట జరిగేదంతా కృత్యం కాదు. ఉపాధ్యాయుడు బల్లపై ప్రయోగం చేస్తుంటే తరగతి అంతా దూరం నుంచి చూడడం ప్రదర్శన మాత్రమే. పుస్తకంలోని కృత్యాన్ని చదివి, దాని ఫలితాన్ని నోటుపుస్తకంలోకి ఎక్కించడం రాతపని మాత్రమే. విద్యార్థి స్వయంగా కొలిచి, తాను చూసినదానిని తన మాటలలో నమోదు చేసి, అలా ఎందుకు జరిగిందో చెప్పడానికి ప్రయత్నించినప్పుడే అది కృత్యమవుతుంది.

నేపథ్యం

ఈ ఆలోచన మన దేశానికి కొత్తది కాదు. చేతిపని కేంద్రంగా విద్య సాగాలన్న గాంధీజీ ప్రతిపాదనపై 1937లో వార్ధాలో జాతీయ విద్యా సదస్సు జరిగింది. మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో, అంటే నేటి నర్మదాపురంలో, 1972లో 16 పాఠశాలలలో ప్రయోగాల ద్వారా విజ్ఞానశాస్త్రం బోధించే కార్యక్రమం మొదలైనది. తరువాతి కాలంలో ఏకలవ్య సంస్థ నిర్వహణలో విస్తరించి, 2002 వరకు కొనసాగిన ఈ కార్యక్రమంలో పరీక్షల తీరునూ మార్చారు. విద్యార్థులు పుస్తకాలు చూసుకొని పరీక్ష రాసేవారు. ప్రయోగ పరీక్ష కూడా ఉండేది.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1980వ దశకంలో బ్రిటన్ సహకారంతో ఆరంభమైన ప్రాథమిక విద్యా పథకం, చేస్తూ నేర్చుకోవడాన్ని, జట్టుపనిని, స్థానిక పరిసరాల వినియోగాన్ని తన ఆరు బోధనా సూత్రాలలో చేర్చింది. జాతీయ పాఠ్యప్రణాళికా చట్రం–2005, రాష్ట్ర విద్యా ప్రణాళికా పరిధి పత్రం–2011 ఇదే దారిలో సాగాయి. జాతీయ విద్యా విధానం–2020 ఆరు నుంచి ఎనిమిదవ తరగతి వరకు గల కాలంలో పది రోజులు పుస్తకాల సంచి లేకుండా వడ్రంగి, కుమ్మరి, తోటమాలి వంటి వృత్తి నిపుణుల వద్ద పని నేర్చుకునే ఏర్పాటును సూచించింది.

ఎండలో ఒక కర్ర

కృత్యానికి ఖరీదైన పరికరాలు కావాలన్న అభిప్రాయం సరికాదు. ఒక మీటరు కర్రను సమతలమైన నేలపై నిటారుగా పాతి, ఉదయం 11.30 నుంచి మధ్యాహ్నం ఒంటిగంట వరకు ఐదు నిమిషాలకొకసారి నీడ కొనను గుర్తించడం ఇందుకు చక్కని ఉదాహరణ. మన ప్రాచీన ఖగోళ శాస్త్రజ్ఞులు శంకువు అని పిలిచినది ఇటువంటి కర్రనే. సూర్యసిద్ధాంతంలోని త్రిప్రశ్నాధికారం దాని నీడతో దిక్కులను, కాలాన్ని నిర్ణయించే విధానాన్ని వివరిస్తుంది.

సరిగ్గా 12 గంటలకు నీడ అతి పొట్టిగా ఉంటుందని పిల్లలు సాధారణంగా ఊహిస్తారు. హైదరాబాద్‌లో అలా జరగదు. భారత ప్రామాణిక కాలానికి ఆధారమైన 82½ డిగ్రీల తూర్పు రేఖాంశం కాకినాడ సమీపంగా పోతున్నది. హైదరాబాద్ దానికి సుమారు నాలుగు డిగ్రీలు పడమరగా ఉన్నది. భూమి ఒక డిగ్రీ తిరగడానికి నాలుగు నిమిషాలు పడుతుంది కనుక, ఇక్కడ సూర్యుడు నడినెత్తి రేఖను దాటే వేళ సగటున 12 గంటల 16 నిమిషాలు. నవంబరు తొలివారంలో ఇది దాదాపు 12 గంటలకు, ఫిబ్రవరి రెండవ వారంలో 12.30కి దగ్గరగా ఉంటుంది.

నీడ దిశలో మరో విశేషమున్నది. జూన్ మూడవ వారంలో మధ్యాహ్నపు నీడ దక్షిణం వైపు సుమారు 10 సెంటీమీటర్లు ఉంటుంది. డిసెంబరు మూడవ వారంలో అదే కర్ర నీడ ఉత్తరం వైపు సుమారు 86 సెంటీమీటర్లు ఉంటుంది. మే 9, ఆగస్టు 3 తేదీల ప్రాంతంలో హైదరాబాద్‌లో మధ్యాహ్నం కర్రకు నీడే కనిపించదు. మే నెలలో పాఠశాలలకు సెలవులు కనుక, మబ్బు లేని పక్షంలో ఆగస్టు తొలివారం ఈ పరిశీలనకు అనువైన సమయం. ఈ ఒక్క కర్రతో గణితంలోని నిష్పత్తి, విజ్ఞానశాస్త్రంలోని కాంతి, సాంఘికశాస్త్రంలోని అక్షాంశ రేఖాంశాలు ఒకే చోట కలుస్తాయి. సూర్యుని నేరుగా చూడరాదన్న హెచ్చరిక మాత్రం ముందుగానే చేయాలి.

పసుపు చెప్పే పాఠం

ఆమ్లాలు, క్షారాలు అనే పాఠానికి వంటింటి పసుపు చాలు. పసుపులో సున్నం కలిపితే ఎర్రని పారాణి తయారవుతుందని తెలుగు ఇళ్లలోని పిల్లలకు ముందే తెలుసు. తెల్ల కాగితంపై పసుపు ముద్ద పూసి ఆరబెట్టి, దానిపై సబ్బు నీరు, సున్నపు తేట, నిమ్మరసం, చింతపండు పులుసు, ఉప్పునీరు ఒక్కొక్క చుక్క వేస్తే, మొదటి రెండింటి వద్ద కాగితం ఎర్రబారుతుంది. ఎర్రబారిన చోట నిమ్మరసం వేస్తే తిరిగి పసుపు రంగు వస్తుంది.

అసలు ప్రశ్న ఇక్కడే మొదలవుతుంది. నిమ్మరసం వద్ద, ఉప్పునీటి వద్ద కాగితం ఒకే విధంగా పసుపు రంగులోనే ఉండిపోయింది. ఆ రెండూ ఒకే రకం పదార్థాలా? పసుపు క్షారాన్ని గుర్తిస్తుంది గాని ఆమ్లానికీ తటస్థ ద్రావణానికీ తేడా చెప్పలేదు. ఆ పని మందార రేకల రసం చేస్తుంది: ఆమ్లంలో ముదురు గులాబీ రంగుకు, క్షారంలో ఆకుపచ్చకు మారుతుంది. ఒక పరికరానికి గల పరిమితిని విద్యార్థి తానే కనుగొనడం పాఠ్యాంశమంత విలువైన ఫలితం. సున్నపు తేటను ఉపాధ్యాయుడే ముందుగా సిద్ధం చేయాలి. పొడి సున్నాన్ని పిల్లల చేతికి ఇవ్వరాదు.

తేడా వచ్చిన కొలత తప్పు కొలత కాదు

కృత్యం విజయం ఫలితాన్ని నమోదు చేసే తీరుపై ఆధారపడి ఉన్నది. నీడ పరిశీలనలో ఒక జట్టు 12.10 అని, మరొకటి 12.20 అని రాయవచ్చు. మధ్యాహ్న వేళ నీడ పొడవు చాలా నెమ్మదిగా మారుతుంది కనుక ఇది సహజం. వంటసోడా నీటి వద్ద పసుపు కాగితం రంగు మారిందని కొందరు, మారలేదని కొందరు రాయవచ్చు. అది బలహీనమైన క్షారం కావడమే ఇందుకు కారణం. అటువంటప్పుడు రెండు జట్లనూ మళ్లీ చేయమనడం, కొలతల సగటు తీయించడం, తేడాకు కారణం చర్చించడం బోధనలో భాగాలు.

అందుకు భిన్నంగా, కర్రను చూడకుండానే 12 గంటలు అని రాసిన విద్యార్థికి పూర్తి మార్కులు వేసి, చూసి 12.15 అని రాసిన విద్యార్థి సమాధానాన్ని కొట్టివేస్తే, తరగతికి అందే సందేశం ఒక్కటే: కళ్లతో చూసినదానికన్నా ఇతరులు ఆశించినది రాయడమే క్షేమం. ఒకసారి నేర్చిన ఈ పాఠాన్ని పిల్లలు అంత సులభంగా మరచిపోరు.

2011 నాటి పరిధి పత్రం అనంతరం రూపొందిన విజ్ఞానశాస్త్ర పాఠ్యపుస్తకాలు ప్రశ్నించడం, పరికల్పనలు చేయడం, ప్రయోగాలు, క్షేత్ర పరిశీలనలు, సమాచార సేకరణ, ప్రాజెక్టు పనులను విద్యాప్రమాణాలలో చేర్చాయి. నిర్మాణాత్మక మూల్యాంకనంలో లఘు పరీక్షతోపాటు పిల్లల భాగస్వామ్యం, రాత అంశాలు, ప్రాజెక్టు పనులకు స్థానం లభించింది. అంగడిలో కొన్న చార్టుకో, ఇంటర్నెట్ నుంచి దించుకున్న పేజీకో ఈ మార్కులు దక్కితే ఆ ఏర్పాటు ఉద్దేశం నెరవేరదు.

తరగతి నిర్వహణ

విద్యా హక్కు చట్టం ప్రాథమికోన్నత తరగతులలో 35 మంది విద్యార్థులకు ఒక ఉపాధ్యాయుడు ఉండాలని నిర్దేశించింది. ఈ సంఖ్య గల తరగతిని ఐదుగురు చొప్పున ఏడు జట్లుగా విభజించవచ్చు. కొలిచేవారు, రాసేవారు, సామగ్రి చూసేవారు, వివరించేవారు అనే బాధ్యతలను ప్రతి కృత్యానికీ మార్చాలి. లేనిపక్షంలో బాలురు కొలవడం, బాలికలు రాయడం అనే విభజన తెలియకుండానే స్థిరపడుతుంది. ప్రత్యేక అవసరాలు గల పిల్లలకు తాకి, విని గుర్తించే పనులు కేటాయించాలి. ఒక పీరియడులో పూర్తికాని కృత్యానికి రెండు పీరియడులను జతచేయడం ప్రధానోపాధ్యాయుని చేతిలోని పని.

సామగ్రి కొరతకన్నా సామగ్రి వినియోగం పెద్ద సమస్య. పరికరం పగిలితే ఎవరు జవాబు చెప్పాలన్న సంకోచంతో కిట్లను బీరువాలో భద్రపరచడం తరచుగా కనిపించే విషయం. పిల్లలు వాడుతున్నప్పుడు గాజు పాత్ర పగలడం మామూలు ఖర్చే. దానిని నష్టంగా కాక వినియోగంగా లెక్కించే వెసులుబాటును తనిఖీ అధికారులు కల్పించాలి. 2018లో ప్రారంభమైన సమగ్ర శిక్ష కింద పాఠశాలలకు అందే ఉమ్మడి నిధిని తరిగిపోయిన పరికరాల భర్తీకీ వినియోగించుకునే వీలున్నది.

తనిఖీలో గమనించదగినవి

పాఠశాలను సందర్శించే అధికారులు, పాత్రికేయులు గోడపై చార్టుల సంఖ్యను గాక మూడు విషయాలను గమనించడం ఉపయోగకరం. కిట్‌లోని పరికరాలపై వాడిన గుర్తులు ఉన్నాయా? ఒకే కృత్యానికి సంబంధించి వేర్వేరు విద్యార్థుల నోటుపుస్తకాలలో వేర్వేరు కొలతలు, వేర్వేరు వాక్యాలు ఉన్నాయా? ఏ విద్యార్థినైనా పిలిచి “నీకు ఎలా తెలిసింది?” అని అడిగితే పుస్తకం పేరు చెబుతున్నాడా, తాను చేసిన పని చెబుతున్నాడా?

ముప్పై నోటుపుస్తకాలలో ఒకే వాక్యం, ఒకే అంకె కనిపిస్తే అక్కడ కృత్యం జరగలేదనే భావించవచ్చు. కొలతలలో కొద్దిపాటి తేడాలు, కొట్టివేతలు, మళ్లీ చేసిన గుర్తులు ఉన్న పుస్తకమే చట్టం ఆశించిన తరగతిగదికి సాక్ష్యం. అటువంటి పుస్తకాన్ని మెచ్చుకునే ఉపాధ్యాయునికి ప్రధానోపాధ్యాయుని నుంచి, తనిఖీ అధికారి నుంచి అండ లభించినప్పుడే కృత్యాధార బోధన ప్రతి తరగతికీ చేరుతుంది.