‘రిఫ్రెష్ చేయవద్దు’ అని ఎందుకు అంటారు?

పిల్లల పరీక్ష ఫీజు ఆన్‌లైన్‌లో కట్టేటప్పుడు ‘పే’ నొక్కగానే ‘దయచేసి ఆగండి, బ్యాక్ నొక్కవద్దు, రిఫ్రెష్ చేయవద్దు’ అనే పేజీ వస్తుంది. కాసేపటికి పేమెంట్ పేజీ దానంతటదే తెరుచుకుంటుంది. ఇది ఎలా జరుగుతుంది?

చాలా సైట్లలో ఆ మధ్య పేజీలో కంటికి కనిపించని ఫారం ఒకటి ఉంటుంది. కట్టాల్సిన మొత్తం, ఆర్డర్ నంబరు అందులో ముందే నింపి ఉంటాయి. పేజీ రాగానే జావాస్క్రిప్ట్ ప్రోగ్రాం దాన్ని సబ్మిట్ చేసి పేమెంట్ గేట్‌వేకు పంపేస్తుంది. మనం బటన్ నొక్కే పనే లేదు.

డబ్బు కట్టాక ‘పేమెంట్ అయింది’ అనే సమాచారం కూడా చాలాసార్లు ఇదే పద్ధతిలో సైట్‌కు తిరిగి వస్తుంది. అప్పుడే పేజీ మూసేసినా, నెట్ పోయినా ఖాతాలో డబ్బు కట్ అవుతుంది గానీ రసీదు రాకపోవచ్చు.

అలా జరిగితే కంగారుపడి వెంటనే మళ్లీ కట్టొద్దు. ముందు బ్యాంకు మెసేజ్, సైట్‌లో పేమెంట్ స్టేటస్ చూసుకోండి. ఆర్డర్ నంబరు రాసి పెట్టుకోండి, ఫిర్యాదు చేయాలంటే అదే ఆధారం.

ఇంకో మాట. పేజీ దానంతటదే మారుతుంది కాబట్టి కార్డు నంబరు, ఓటీపీ కొట్టే ముందు పైన ఉన్న వెబ్ అడ్రస్ ఒకసారి చదవండి. అనుమానం వస్తే అక్కడే ఆపేయండి.